భార్య పుట్టినరోజు కోసం ప్రయాణం వాయిదా వేసుకున్నవాడికి అంత శిక్షా?

గడియారం_సెంటర్
నిన్న రాత్రి నేనూ మా ఆవిడా 'బ్లైండ్ ఛాన్స్' చూశాం. కీస్లోవ్‌స్కీ తీసిన పోలిష్ సినిమా. ముగింపు చెప్పకుండా నా బాధ చెప్పలేను, కాబట్టి చూడాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోండి.

వితెక్ అనే కుర్రవాడు డాక్టరు చదువుతుంటాడు. తండ్రి పోతూ పోతూ, నువ్వు ఫలానాది చేసి తీరాలని ఏమీ లేదని కొడుక్కి కబురు వదులుతాడు. అప్పటిదాకా తండ్రి కోసమే చదివినవాడు చదువు ఆపేసి, వార్సా వెళ్లే రైలు కోసం స్టేషన్‌లో పరుగెడతాడు. అక్కడి నుంచి సినిమా మూడు దారులు పడుతుంది. రైలు అందితే ఒక పాత కమ్యూనిస్టు పరిచయమై, పార్టీలో చేరతాడు. అందక రైల్వే గార్డును ఢీకొంటే పోలీసులు పట్టుకుంటారు, శిక్ష అనుభవించి ప్రభుత్వ వ్యతిరేకుల్లో కలుస్తాడు, చర్చికి దగ్గరవుతాడు. మూడోసారి రైలు తప్పిపోతుంది, ప్లాట్‌ఫారం మీద తనతో చదివిన ఓల్గా కనిపిస్తుంది. పెళ్లి చేసుకుంటాడు, డాక్టరవుతాడు, ఏ పక్షానికీ పోడు.

ఈ మూడో వితెక్ నాకు ప్రాణంగా నచ్చాడు. లిబియాలో ఉపన్యాసాలకు వెళ్లాలి. భార్య పుట్టినరోజు ఇంట్లో గడిపి వెళదామని ముందు అనుకున్న విమానం వదులుకుని, పారిస్ మీదుగా వెళ్లే తరవాతి విమానం ఎక్కుతాడు. అది లేచీ లేవగానే పేలిపోతుంది. సినిమా అయిపోతుంది.

ఏమిటిది? ప్రేమించినందుకా? పార్టీ మనిషి బతికాడు, తిరుగుబాటు మనిషి బతికాడు, పెళ్లాం పుట్టినరోజు గుర్తుపెట్టుకున్నవాడు చచ్చిపోయాడు.

ఇంకో చిక్కు. విమానం కదిలే సమయానికి మా ఆవిడ "పాలు పొంగుతాయి" అంటూ లేచి వంటింట్లోకి వెళ్లింది. వచ్చేసరికి పేర్లు పడుతున్నాయి. "వెళ్లిపోయాడా?" అంది. "వెళ్లిపోయాడు" అన్నాను. ఆమెకు మూడో కథ ఎంతో నచ్చింది. పొద్దున కూడా దాని గురించే మాట్లాడింది. నిజం చెప్పాలా వద్దా?

కందిచేను
చెప్పకండి. పాలు పొంగకుండా చూసిన మనిషికి ఆ మాత్రం మంచి ముగింపు దక్కాలి.

పిల్లలమర్రి_నీడ
మన పెద్దలు ఎప్పుడో చెప్పిన మాటే ఇది. ఆయువు తీరినప్పుడు పుట్టినరోజు ఒక మిష మాత్రమే. భార్యాభర్తలు కలవడం, విడిపోవడం రుణానుబంధం. ఓల్గాకూ వితెక్‌కూ ఉన్న రుణం ఆ పుట్టినరోజుతో తీరింది, అంతే. దీనికి దర్శకుణ్ణి తప్పుపట్టి లాభం లేదు.

దేవరకొండ_కోట
మాస్టారూ, రుణానుబంధమైతే మూడు జన్మల్లోనూ ఒకే మనిషి తగలాలి కదా? ఇక్కడ రైలు అందితే చుష్కా, అందకపోతే వెర్కా, ఇంకోలా అందకపోతే ఓల్గా. ముగ్గురినీ నిజంగానే ప్రేమించాడు. నన్ను రాత్రి నిద్రపోనివ్వనిది అదే, పేలుడు కాదు. ఎవరికి ఎవరు రాసిపెట్టి ఉందో అంటాం. రాసిన చెయ్యి రైలు టైంటేబుల్ చూసి రాసిందా?

పట్టాలమీద_పైసా
రాసిన చెయ్యి సంగతి తరవాత చూద్దాం, ముందు తీసిన చెయ్యి ఎక్కడిదో చూడండి. ఈ సినిమా నేను చాలాసార్లు చూశాను, కాస్త పెద్దగానే రాస్తాను.

1980లో పోలండ్‌లో సమ్మెలు లేచి సాలిడారిటీ అనే కార్మిక సంఘం పుట్టింది. దేశం ఊపిరి పీల్చుకున్న ఆ కొద్ది కాలంలో, 1981లో ఈ సినిమా తయారైంది. అదే ఏడాది డిసెంబరు 13న అక్కడ సైనిక శాసనం వచ్చిపడింది. సినిమాను అటక మీద పడేశారు. జనం చూసింది 1987లో. అంటే ఈ సినిమాకే రైలు తప్పిపోయింది! ఒక ఏడాది ముందు పూర్తయి ఉంటే ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

పరుగెత్తే స్టేషన్ వూచ్ నగరంలోది. కీస్లోవ్‌స్కీ సినిమా చదువు చదివింది ఆ ఊళ్లోనే. మొదట డాక్యుమెంటరీలు తీసినవాడు. అందుకే ఆ పరుగులో హీరో కనిపించడు, రైలు పోతుందేమోనన్న కంగారు కనిపిస్తుంది. ఒకామెకు తగులుతాడు, ఆమె చేతిలోని నాణెం కిందపడి దొర్లుతుంది, దాన్ని ఒక తాగుబోతు ఏరుకుని బీరు కొనుక్కుంటాడు, ఆ బీరు పట్టుకున్నవాడు మళ్లీ వితెక్ దారికే అడ్డం వస్తాడు. వితెక్ తగలకపోతే నాణెం పడదు. నాణెం పడకపోతే బీరు లేదు. తన కాలికి తగిలేదాన్ని తెలియకుండా తనే పేర్చుకున్నాడు. దీన్ని విధి అంటామా, స్వయంకృతం అంటామా? ఇన్నిసార్లు చూసినా తేల్చుకోలేకపోయాను.

గడియారం అన్నా, "పార్టీ మనిషి బతికాడు" అన్నారు కదా. ఆ జీవితం మళ్లీ చూడండి. ప్రేమించిన చుష్కా పోలీసుల చేతికి చిక్కడానికి అతనే కారణమవుతాడు, కావాలని కాకపోయినా. బయటికొచ్చాక ఆమె అతని ముఖం చూడదు. దాన్ని బతకడం అంటారా?

గడియారం_సెంటర్
అంటాను. ముఖం చూడకపోయినా మనిషి ఉన్నాడు కదా. ఉన్నవాడు క్షమాపణ అడగవచ్చు. పోయినవాడికి ఆ అవకాశం కూడా లేదు.

మిర్యాలగూడ_మిల్లు
నేను వితెక్ మూడో దారి మనిషిని. పందొమ్మిదేళ్ల కిందట సికింద్రాబాద్‌లో ఇంటర్వ్యూకు బయలుదేరాను. మిర్యాలగూడ స్టేషన్ మెట్లు దిగేసరికి చివరి పెట్టె కనిపిస్తోంది. పరుగెత్తాను. బియ్యం బస్తాలు దించుతున్న బండి అడ్డం వచ్చింది, రైలు పోయింది. కోపంతో బెంచీ మీద కూర్చుంటే పక్కన ఒకమ్మాయి కూడా అదే కోపంతో కూర్చుని ఉంది. ఆమెదీ అదే రైలు. పోయిన రైలును ఇద్దరం కలిసి తిట్టుకున్నాం. ఇప్పుడు మాకు ఇద్దరు పిల్లలు.

ఆ బండి తోలిన మనిషెవరో ఇప్పటికీ తెలియదు. తెలిస్తే బట్టలు పెట్టేవాణ్ణి.

కందిచేను
అన్నా, వదినగారు కూడా ఆయనకు బట్టలు పెడదామనే అంటున్నారా?

మిర్యాలగూడ_మిల్లు
పెళ్లిరోజున పెడదామంటుంది. బియ్యం ధర పెరిగిన రోజున ఆ బండి పేరెత్తదు.

దేవరకొండ_కోట
మిల్లు అన్నా, మీ కథ బాగుంది. కానీ అందులో మీరు చెప్పకుండా దాటేసిన చోటొకటి ఉంది. ఆ బెంచీ మీద అంతకుముందూ ఎందరో కూర్చుని ఉంటారు, పక్కవాళ్లతో మాట కలపకుండా తరవాతి రైలెక్కి పోయి ఉంటారు. బండి మిమ్మల్ని బెంచీ దాకా తెచ్చింది. మాట కలిపింది మీరు. తరవాత ఉత్తరమో ఫోనో చేసింది మీరు. రైలు తప్పడం నిమిషం పని. పందొమ్మిదేళ్లు కలిసి ఉండటం బండివాడు చేసిన పని కాదు.

ఈ సినిమా తరవాత ఇదే పద్ధతిలో చాలా వచ్చాయి. 1998లోనే రెండు. లండన్ మెట్రో తలుపు మూసుకుపోయే 'స్లైడింగ్ డోర్స్', బెర్లిన్‌లో ప్రియుడి కోసం 20 నిమిషాల్లో లక్ష మార్కులు (అప్పటి జర్మనీ డబ్బు) తేవాలని అమ్మాయి పరుగెత్తే 'రన్ లోలా రన్'. రెండోది నాకు చాలా ఇష్టం, కానీ అందులో లోలాకు ఓడిపోయాక మళ్లీ మొదలుపెట్టే వీలుంది. వితెక్‌కు లేదు. ఒక జీవితంలో నేర్చుకున్నది ఇంకోదానిలోకి రాదు. ప్రతిసారీ కొత్తగా, ఏమీ తెలియకుండా ఎంచుకోవాలి. మనలాగే.

పట్టాలమీద_పైసా
లోలాను తీసిన టైక్వర్ 2002లో కీస్లోవ్‌స్కీ మిగిల్చిపోయిన స్క్రిప్టుతో ఒక సినిమా తీశాడు. 1996లో చనిపోయిన మనిషి కథను, ఆయన దారిలో పరుగెత్తినవాడే అందుకున్నాడు. ఇదీ యాదృచ్ఛికమే అంటే నేను ఒప్పుకోను.

పాలమూరు_బిడ్డ
అందరూ రైలు తప్పడం గురించే మాట్లాడుతున్నారు. మా వైపు సంగతి కూడా వినండి.

మాది నారాయణపేట వైపు పల్లె. మా అమ్మానాన్నలు ఏటా పంట పని అయిపోగానే ముంబయి బస్సెక్కేవాళ్లు. గుంపు మేస్త్రీ దగ్గర ముందే తీసుకున్న అడ్వాన్సు ఉండేది. ఆ బస్సు తప్పిపోదు, తప్పనివ్వరు. వితెక్‌కు వాళ్ల నాన్న నీ ఇష్టం అని చెప్పి పోయాడు. మా నాన్నకు మా తాత అప్పు చెప్పి పోయాడు. యాదృచ్ఛికం, ఎంపిక అని మీరంటున్న రెండూ టికెట్ కొనుక్కోగలిగినవాళ్ల మాటలు.

సినిమా చెడ్డదని అనడం లేదు. నేనూ చూశాను, ఏడ్చాను. కానీ నాకు ఏడుపొచ్చింది మూడో కథకు కాదు. రెండోదానిలో అతను పారిస్ వెళ్లాలని పాస్‌పోర్టు అడుగుతాడు. మీవాళ్ల సంగతులు మాకు చేరవేస్తానంటే ఇస్తాం అంటారు. ఇవ్వనంటాడు, ఇంటికి పోతాడు. ఆ గదిలో అతని దగ్గర ఏమీ లేదు, కాదనడం తప్ప. మా అమ్మ ఒకసారి మేస్త్రీతో అలాగే కాదంది. అక్కను కూడా పనికి తోలుకుపోదాం, ఇంకో కూలి కలుస్తుంది అన్నాడు. బడి మాన్పించను అంది. ఆ ఏడు అడ్వాన్సు తక్కువ వచ్చింది. అక్క ఇప్పుడు అంగన్‌వాడీ టీచరు.

దేవరకొండ_కోట
తమ్ముడూ, నువ్వు చెప్పినదాని ముందు నా 1998 లెక్కలు తేలిపోయాయి. ఒక్క మాట మాత్రం అంటాను. మీ అమ్మగారు చేసినది ఎంపిక కాదా? టికెట్ లేకుండానే చేశారు.

పాలమూరు_బిడ్డ
ఎంపికే. కానీ దానికి ఆ ఏడు మేమందరం ఒక పూట తక్కువ తిన్నాం అన్నా. అది కూడా సినిమాలో ఉండాలి అంటున్నాను.

ఛాయా_సోమేశ్వరం
నల్లగొండ పక్కన పానగల్లు గుడికి వెళ్లినవాళ్లకు తెలుసు. ఛాయా సోమేశ్వరుడి గర్భగుడిలో ఒక నీడ పడుతుంది. బయట సూర్యుడు తూర్పు నుంచి పడమరకు పోతుంటాడు, లోపలి నీడ రోజంతా ఉన్నచోటే ఉంటుంది. చిన్నప్పుడు మా నాన్న నన్ను పొద్దునొకసారి, సాయంత్రమొకసారి తీసుకెళ్లి చూపించారు.

వితెక్‌ను చూస్తే నాకు ఆ నీడే గుర్తొచ్చింది. వెలుతురు మూడు వైపుల నుంచి వచ్చింది. పార్టీ, చర్చి, ఇల్లు. మనిషి మాత్రం ఉన్నచోటే ఉన్నాడు. మూడింటిలోనూ ఎదుటివాడి మాట మనసుపెట్టి వింటాడు, ఎవరినీ మోసం చెయ్యలేడు, నమ్మినదానిలో పూర్తిగా దిగిపోతాడు. అందుకే ముగ్గురు ఆడవాళ్లనూ నిజంగా ప్రేమించగలిగాడు. కోట అన్నకు నిద్ర పట్టనిది ఇదే అయితే, నాకు మాత్రం ఇందులోనే ధైర్యం దొరికింది. ఎవరు దొరుకుతారన్నది మన చేతిలో లేదు. దొరికినవాళ్లకు మనం ఎలాంటివాళ్లం అవుతామన్నది ఉంది.

సూర్యాపేట_దారి
నీడ మాట బాగుంది, కానీ నాకు పూర్తిగా మింగుడుపడలేదు. మా తాత, ఆయన తమ్ముడు ఒకే ఇంట్లో పెరిగారు. సాయుధ పోరాటం రోజుల్లో ఒక రాత్రి దళంవాళ్లు అన్నం కోసం మా ఇంటి తలుపు కొట్టారు. ఆ రాత్రి ఇంట్లో ఉన్నది చిన్నతాత. అన్నం పెట్టి, తెల్లారేలోగా వాళ్లతోనే వెళ్లిపోయాడు. మా తాత ఎడ్లబండి కట్టుకుని సంతకు పోయి ఉన్నాడు. తిరిగొచ్చి వ్యవసాయం చేసుకున్నాడు, తరవాత పట్వారీ దగ్గర లెక్కలు రాశాడు.

ఆ రాత్రి ఇంట్లో నేనుంటే నేనే వెళ్లేవాణ్ణి అని తాత ముసలితనంలో కూడా అనేవాడు. చిన్నతాత ఒప్పుకునేవాడు కాదు, "నువ్వు అన్నం పెట్టి పడుకునేవాడివి" అనేవాడు. ఇద్దరూ పోయేదాకా ఆ వాదన తెగలేదు. మనిషి ఒక్కడేనా, దారినిబట్టి మారతాడా అన్నది వాళ్లకే తెలియలేదు. మనకేం తెలుస్తుంది?

మల్లెపందిరి
రెండు రోజులుగా చదువుతున్నాను. ఓల్గా గురించి ఒక్కరూ మాట్లాడలేదు, అందుకే రాస్తున్నాను.

మా ఆయన షాద్‌నగర్‌లో పనిచేసేవారు. రోజూ మహబూబ్‌నగర్ నుంచి వెళ్లివచ్చేవారు. ఆరేళ్ల కిందట అక్టోబరులో ఒక సాయంత్రం నేనే ఫోన్ చేశాను. వచ్చేటప్పుడు బాలానగర్ దగ్గర సీతాఫలాలు తెమ్మన్నాను. పచ్చివైనా ఫరవాలేదు, బియ్యంలో మగ్గపెడతాను, కళ్లు విచ్చుకున్నవి మాత్రం చూసి తీసుకోండి అన్నాను. అప్పటికే ఆయన రోజూ ఎక్కే బస్సులో ఉన్నారు. బాలానగర్‌లో దిగి, రోడ్డు పక్క బేరమాడి ఒక బుట్ట కొని, ఏరి తెచ్చానని నాకు ఫోన్ చేసి చెప్పి, తరవాత వచ్చిన జీపెక్కారు. ఆ జీపు జడ్చర్ల చేరలేదు. ఆయన దిగిన బస్సు మాత్రం వేళకే మహబూబ్‌నగర్ వచ్చింది.

మర్నాడు ఆయన సంచితోపాటు బుట్ట కూడా ఇంటికి తెచ్చారు. పైన ఉన్న మూడు కాయలు చితికాయి, మిగతావి బాగానే ఉన్నాయి. ఎవరూ పట్టించుకోలేదు, తలుపు వెనక పెట్టారు. నాలుగో రోజుకు ఇల్లంతా పండిన వాసన. వచ్చినవాళ్లందరూ ఆ వాసనలోనే కూర్చుని నన్ను ఓదార్చారు. నేను ఒక్కదాన్నే ఆ వాసన ఎక్కడిదో తెలిసినదాన్ని.

గడియారం అన్నా, శిక్ష అన్నారు మీరు. ఆ మాట నేను నాకు రెండేళ్లు చెప్పుకున్నాను. కాయలు అడగకపోతే అని. పిల్లలమర్రి మాస్టారు చెప్పిన రుణానుబంధం మాట మా బంధువులూ చెప్పారు. ఆ మాట విన్నప్పుడు కాసేపు ఊరటగానే ఉండేది, రాత్రికి నిలిచేది కాదు. ఆయన మంచి మనసుతో చేసిన పనిని అప్పు తీర్చడం అనడం నాకు నచ్చలేదు.

ఈ సినిమా పోయిన ఏడాది మా చెల్లెలి ఇంట్లో చూశాను. విమానం ఎందుకు పేలిందో అందులో ఎక్కడా చెప్పరు. ఓల్గా కడుపుతో ఉంది, ఆమె ముఖంలో రేపటి సంగతి ఏమీ తెలియదు. పుట్టినరోజుకీ పేలుడుకీ ముడిపెట్టింది చూసిన మనం. దర్శకుడు పక్కపక్కన పెట్టాడు, అంతే. అది చూశాక ఫోన్‌లో నేను అడిగిన మాటనూ, ఆ జీపునూ మొదటిసారి వేరుచేసి చూడగలిగాను. ఆయన బస్సు దిగింది చావడానికి కాదు, నాకు కాయలు ఏరడానికి. అది ఆయన సంతోషంగా చేసిన పని. ఫోన్‌లో గొంతు నాకు గుర్తుంది.

పిల్లలమర్రి_నీడ
అమ్మా, నేను తొందరపడి రాశాను. మా ఇంట్లో పెద్దలు పోయినప్పుడు ఆ మాట మమ్మల్ని నిలబెట్టింది, అందుకే అలవాటుగా అందరికీ చెబుతుంటాను. మీ విషయంలో అది సరిపోదు. మన్నించండి.

మల్లెపందిరి
మన్నింపు ఎందుకు మాస్టారూ. మీకు నిలబెట్టిన మాట మీ దగ్గర ఉండనివ్వండి.

పాలమూరు_బిడ్డ
అక్కా, అడగకూడదేమో. ఆ కాయలు ఏం చేశారు?

మల్లెపందిరి
మా అత్తయ్య పిల్లకు తినిపించింది. దానికప్పుడు మూడేళ్లు. గింజలు ఒక్కొక్కటి నా అరచేతిలో ఉమ్మేది. నేను ఆ ఏడాది ముట్టలేదు. ఇప్పుడు బాలానగర్ మీదుగా వెళితే బుట్ట కొంటాను.

పట్టాలమీద_పైసా
అక్కా, మీరు రాసినది చదివాక మొదటి పోస్టులో నేను అడిగిన ప్రశ్న మార్చుకుంటున్నాను. నాణెం ఎవరు పడేశారా అని ఇన్నిసార్లు వెతికాను. ఓల్గా ముఖం ఒక్కసారి కూడా సరిగా చూడలేదు. ఈ రాత్రి మళ్లీ చూస్తాను, ఆమె కోసం.

కందిచేను
గడియారం అన్నా, మొదట్లో చెప్పకండి అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. చెప్పండి.

గడియారం_సెంటర్
చెప్పాను. మల్లెపందిరి అక్క రాసినది ముందు చదివి వినిపించాను, గొంతు నిలవక మధ్యలో రెండుసార్లు ఆగాను. తరవాత, ఆ విమానం పేలిపోయింది, నీకు అబద్ధం చెప్పాను అన్నాను.

తనకు ముందే తెలుసట. సినిమా మొదలవగానే, పేర్లకు ముందు, వితెక్ ఒక సీట్లో కూర్చుని వద్దు వద్దని అరుస్తాడు. నేను అదేదో కల అనుకుని మరిచిపోయాను. ఆమె మరిచిపోలేదు. చివర్లో అతను అదే సీట్లో కూర్చోగానే పోల్చుకుంది.

పాలు అప్పటికే కాచి దించేసి ఉన్నాయట.